ఒర్రె వారు

మా అపార్ట్‌మెంటు పేరులో రివర్ ఉంది, వ్యాలీ ఉంది. కోకాపేట నుంచి మూసీ వైపు దిగే పల్లంలో ఉన్నాం కాబట్టి అబద్ధమేమీ లేదు. పూర్వం ఊరివాళ్లు మిట్ట మీద ఇళ్లు కట్టుకుని, పల్లంలో వరి వేసేవారట. పాపం, చదువులేని వాళ్లు. మేం చదువుకున్నవాళ్లం గనక పల్లంలోనే సెల్లారు తవ్వించుకుని, దానిమీద ఇరవై అంతస్తుల్లో కాపురాలు పెట్టాం.

కొనేముందు పాత దస్తావేజు చదివాను. మాది గోదావరి జిల్లా, కాగితం చదవకుండా సంతకం పెట్టే వంశం కాదు. హద్దుల్లో ‘తూర్పు: ఒర్రె’ అని ఉంది. ఎవరిదో ఇంటిపేరు అనుకున్నాను. ఒర్రె వారితో తగాదాలేమైనా ఉన్నాయా అని బిల్డర్ని నిలదీశాను కూడా. అతను ఒక్క క్షణం నా మొహం చూసి, "అస్సలు లేవండి, వాళ్లు ఇటు రానే రారు" అన్నాడు.

తరవాత నేను అసోసియేషన్ సెక్రటరీనయ్యాను. మా మెట్లు తుడిచే ఆమెది ఈ ఊరే. మేం కార్లు పెట్టుకునే చోట వాళ్ల మామ నాట్లు వేయించేవాడట. ఉండటానికి గది అడిగితే సెల్లారులో తూర్పు మూలది ఇచ్చి, నా ఔదార్యానికి నేనే మురిసిపోయాను.

"గా మూల వద్దు సారూ. వాన గట్టిగ కొడితే ఒర్రె వస్తది. పిల్లతోని పరేషానయితం" అంది.

ఆ ఒర్రె వారు ఇంకా భూమి కోసం తిరుగుతున్నారన్నమాట. "ఫికర్ చెయ్యకమ్మా. ఎవరొచ్చినా నన్ను పిలువు, నేను మాట్లాడతాను" అన్నాను. ఫికర్ అన్నందుకు పూర్తిగా ఇక్కడివాణ్ణయిపోయాననుకున్నాను. ఆమె తాళంచెవి తీసుకుని వెళ్లిపోయింది. సెక్రటరీతో వాదిస్తే ఉన్న గదీ పోతుందని ఆమె భయం.

మొన్న శ్రావణంలో రెండు రోజులు ఆగకుండా కురిసింది. మూడోనాడు పొద్దున నేను ఇంట్లోంచే ల్యాప్‌టాప్‌లో ఆఫీసు మీటింగులో ఉండగా బెల్లు మోగింది. తలుపు తీస్తే ఆమె. నడుం దాకా తడిసింది. చంకలో వణుకుతున్న పిల్ల, నెత్తిన నీళ్లు కారుతున్న బియ్యం మూట. లిఫ్టు ఆగిపోతే నాలుగంతస్తులు ఎక్కి వచ్చింది.

"ఒర్రె వచ్చింది సారూ" అంది.

బాల్కనీలోంచి కిందికి చూశాను. ఎర్రటి నీళ్లు మూసీకి పోయే తమ పాత దారి పట్టుకుని, తూర్పు ర్యాంపు మీదుగా సెల్లారులోకి దిగుతున్నాయి. ఒర్రె అంటే వాగు. ఇంత చదివీ ఎవరినీ అడగని ఒక్క మాట అది.

ఆమె గొంతులో కోపం లేదు. నేనిచ్చిన మాటనే గుర్తు చేసింది.

"మాట్లాడతనంటిరి గద సారూ. రాండ్రి."