అల్లుడు అడిగిన ముసలమ్మ

మా అక్క పెళ్లిలో బావ అలిగిన ముచ్చట ఎవరైనా ఎత్తితే మా చుట్టాలు ఇప్పటికీ పడీపడీ నవ్వుతారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోతుంది. ఎంత మండుతుందంటే, ఆ మాట ఎత్తిన మనిషికి చాయ్ కూడా పోయబుద్ధి కాదు. ఆ రోజు నా దగ్గర్నుంచి ఏం పోయిందో ఆ నవ్వేవాళ్లలో ఒక్కరికీ తెలియదు. చెప్పబోతే, "ఫోన్ల ఆట కోసం గింత లొల్లా?" అంటారు. అందుకే ఇక్కడ మొదటి నుంచీ చెబుతాను, మధ్యలో నోరు మూయించేవాళ్లు లేరు కాబట్టి.

మాది వర్ని వైపు ఊరు. బాన్సువాడలో ఒక ట్రాక్టర్ల షోరూమ్‌లో బిల్లింగ్ చూస్తాను. పొద్దున బస్సులో సీటు దొరికితే కూర్చుని ఫోన్ తీస్తాను, దొరక్కపోతే కమ్మీకి భుజం ఆనించి తీస్తాను. నేను ఆడేది కార్డుల ఆట. పేకాట అనుకునేరు, అది కాదు. ఇందులో ప్రతి కార్డు మీద ఒక బొమ్మ ఉంటుంది, దానికో బలం, దానికో గుణం ఉంటాయి. మనం సంపాదించుకున్న వందల కార్డుల్లోంచి ముప్పై ఏరుకుని ఒక కట్ట కట్టుకోవాలి. దాన్నే డెక్కు అంటారు. ఆ డెక్కుతో, ఎక్కడో కూర్చున్న ఇంకో మనిషి డెక్కును ఓడించాలి. ఏ కార్డులు ఏరుకున్నామన్న దాంట్లోనే సగం ఆట అయిపోతుంది.

నా డెక్కు మొత్తం ఒకే ఒక్క కార్డు చుట్టూ కట్టాను. ఇంగ్లీషులో దానికేదో నోరు తిరగని పేరుంది. బొమ్మలో జడలు కట్టిన జుట్టుతో, చేతిలో లాంతరుతో ఒక ముసలావిడ ఉంటుంది. నేను ముసలమ్మ అనే పిలుచుకునేదాన్ని. ఆమె ఆట చివర్లో గానీ దిగదు. దిగిందంటే మాత్రం, అప్పటిదాకా చచ్చిపోయిన మన చిన్న కార్డులన్నిటినీ ఒకేసారి లేపి నిలబెడుతుంది. అవతలివాడు గుడ్లు తేలేస్తాడు. అంత బలమైన కార్డు కాబట్టే దొరకడం చాలా కష్టం.

నాకు దొరికిన రోజు బస్సులో ఉన్నానన్న సంగతి మర్చిపోయి చప్పట్లు కొట్టాను. తీరా ఆడితే వరసపెట్టి ఓడిపోయాను. ముసలమ్మ వచ్చేసరికి నా పని అయిపోయేది. లేదా లేపడానికి పనికొచ్చేవాళ్లు ఎవరూ చచ్చి ఉండేవారు కాదు. నాట్లకు కూలీలు రాకుండా గట్టు మీద ఆసామి ఒక్కడే నిలబడ్డట్టు ఉండేది ఆమె. అప్పుడు నాకు తట్టింది. ఆమెను చూసి మురిసిపోతే లాభం లేదు, ఆమె వచ్చేదాకా ఆటను మోసేవాళ్లను వెతకాలి.

వెతికాను. దాదాపు రెండేళ్లు వెతికాను. అందరూ చెత్త అని పక్కన పడేసే కార్డులవి. ఒక కుంటి కాపలాదారు ఉంటాడు, ఎవర్నీ కొట్టలేడు, అడ్డం నిలబడి దెబ్బలు తింటాడు. ఒక కప్ప ఉంటుంది, చచ్చేటప్పుడు మన చేతికి ఇంకో కార్డు ఇచ్చి పోతుంది. రొట్టెలమ్మే ఆవిడ ఒకామె, పోతూపోతూ మన గాయం కాస్త మాన్పుతుంది. బతికున్నప్పుడు వీళ్లతో పెద్ద ఉపయోగం లేదు. సరైన సమయానికి చచ్చి, ముసలమ్మ లేపినప్పుడు లేచి, మళ్లీ చావడమే వీళ్ల పని. కప్పలు రెండు ఉంచాలా ఒకటి తీసేయాలా అని నేను తిండి మీద ధ్యాస లేకుండా ఆలోచించిన రోజులున్నాయి. ఒక్క కార్డు మార్చి, వారమంతా ఆడి, తప్పని తెలిశాక మళ్లీ పాతదే పెట్టేదాన్ని. టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని ఫోన్ చూస్తుంటే షోరూమ్‌లో మెకానిక్ అన్న, "ఏందక్కా, డబ్బాల అన్నం సల్లవడ్డది, ఎవలతోని ముచ్చట?" అని ఆటపట్టించేవాడు.

ఆ డెక్కుతో, ఆట నడిపే కంపెనీవాళ్లు పెట్టే పోటీలో చివరి రౌండు దాకా వచ్చాను. అందరూ చూసేలా ఆన్‌లైన్‌లో పెడతారు దాన్ని. ఇంట్లో కూర్చునే ఆడొచ్చు, కానీ గెలుచుకుంటూ వచ్చిన అకౌంటుతోనే ఆడాలి, కొత్తది చెల్లదు. అక్క పెళ్లైన వారానికి వచ్చే ఆదివారం నా ఆట. జీవితంలో నేను ఎవరి దయా లేకుండా, ఎవరి సిఫారసూ లేకుండా తెచ్చుకున్నది అదొక్కటే. ఆ సంగతి అక్కకు ఒక్కదానికే చెప్పాను.

అక్క వెళ్లి కాబోయే ఆయనకు చెప్పింది. జుక్కల్ వైపు మనిషి, హుషారు మనిషి, ఎక్కడుంటే అక్కడ నవ్వులే. నిశ్చితార్థం నుంచి పెళ్లి దాకా ఆయన కూడా అదే ఆట ఎక్కించుకుని నాతో ఆడటం మొదలుపెట్టాడు. ఆడిన ప్రతిసారీ ఓడిపోయాడు. "నీ దగ్గర గా ముసల్ది ఉన్నది గద, గందుకే" అనేవాడు. కప్పల వల్ల అని చెబితే చెవికెక్కేది కాదు. ఆయన స్నేహితులు, "మరదలి చేతిల దెబ్బలు తింటున్నవా?" అని ఎగతాళి చేశారట. అది మనసులో పెట్టుకున్నాడు.

మావైపు పెళ్లిలో అల్లుడు అలుగుతాడు. తాళి కట్టాక, భోజనానికి కూర్చునే ముందు, గోడ వైపు మొహం తిప్పుకుని బిగుసుకుంటాడు. అడిగింది ఇస్తేనే ముద్ద ముడతాడు. ఉంగరమో, వాచీనో, బండో అడుగుతాడు. అత్తగారివాళ్లు బతిమాలాలి, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వాలి. మా బాపు ఆ పెళ్లికి నెల ముందు నుంచే ఆ ఫికర్‌తో నిద్రపోలేదు.

బావ గోడ వైపు తిరిగాడు. విస్తళ్లలో బగారన్నం చల్లారుతోంది. బాపు చేతులు కట్టుకుని నిలబడి, "ఏం గావాలె అల్లుడూ, చెప్పున్రి" అన్నాడు.

బావ కాసేపు ఊరించి అన్నాడు. "నాకు బండొద్దు, ఉంగరమొద్దు. మరదలు ఫోన్ల ఆడే గా కార్డుల ఆట లేదా, గా అకౌంటు నాకియ్యాలె. గప్పుడే లేస్త."

పందిరంతా గొల్లుమంది. బాపు మొహంలో అంత వెలుగు నేను అంతకు ముందెన్నడూ చూడలేదు.

"ఓస్, గింతేనా? ఇచ్చెయ్యి బిడ్డ. బండి అడుగుతడేమోనని నా పాణం గాబరైంది."

"బాపూ, ఆదివారం నాకు దాంట్ల పోటీ ఉన్నది. ఇయ్యరాదు" అన్నాను.

నా మాట ఎవరికి వినబడాలి? అమ్మ మోచేత్తో పొడిచింది. మేనమామ, "పెండ్లి పందిట్ల ఏంది గీ లొల్లి, అల్లుడు ఆకలి మీద ఉన్నడు" అని కసిరాడు. నేను అక్క వైపు చూశాను. బాసికం కింద నుంచి అక్క కళ్లతోనే బతిమాలింది. ఆ చూపు చూశాక నేను ఏం చేయగలను? పాస్‌వర్డు చెప్పాను. బావ అక్కడికక్కడే తన నంబరు ఎక్కించుకుంటూ, "ఓటీపీ వచ్చింది సూడు మరదలా" అన్నాడు. అదీ ఫోన్ ముందుకు చాపి చదివి చెప్పాను. నా అంకెలు నా నోటితోనే చెప్పించుకున్నాడు. పక్కనుంచి ఫొటోలు తీసే అతను, "అక్కా, ఫోన్ ఇచ్చినట్టు ఇంకోపారి జెయ్యి, కండ్లు మూసినవ్" అన్నాడు. ఇంకోసారి చాపాను. ఆ ఫొటో పెళ్లి ఆల్బమ్‌లో ఉంది. పళ్లు కొరుక్కుంటున్న నన్ను చూసి చుట్టాలు, ఎంత బాగా నవ్విందో అంటారు.

ఆదివారం పొద్దున్నే బావకు ఫోన్ చేశాను. అభిమానం చంపుకుని అడిగాను.

"బావా, ఇయ్యాల్ల ఒక్కనాడు నన్ను ఆడనియ్యి. మల్ల నువ్వే ఉంచుకో."

"నేనే ఆడుత మరదలా. నీ పేరు నిలవెడుత సూడు. ఫికర్ జెయ్యకు."

వంటింట్లో పీట మీద కూర్చుని ఆ ఆట చూశాను. స్క్రీన్ మీద ఒక పక్క ఆటలో నేను రెండేళ్లు మోసుకొచ్చిన నా పేరు ఉంది. మొదటి కార్డు దిగింది, కాపలాదారు కాదు. రెండోది, కప్ప కాదు. అన్నీ పెద్దపెద్ద రాక్షసులు, ఏనుగులు, కత్తులు పట్టిన రాజులు. చివరికి ముసలమ్మ దిగింది. ఆమె చుట్టూ బంగారు అంచు తళతళలాడుతోంది. ఆ అంచు ఎలా వస్తుందో నాకు తెలుసు. ఈ ఆటలో అక్కర్లేని కార్డులను కరిగిస్తే కాస్త బంగారు పొడి వస్తుంది, దాంతో కావలసిన కార్డుకు బంగారు అంచు చేయించుకోవచ్చు. బలం ఒక్క రవ్వంత కూడా పెరగదు, మెరుస్తుంది, అంతే. మా బావ నా కాపలాదారును, కప్పలను, రొట్టెలమ్మే ఆవిడను, ఆయన కంటికి చెత్తగా కనబడిన ప్రతి చిన్న కార్డునూ కరిగించి ముసలమ్మకు నగ చేయించాడు.

ముసలమ్మ లాంతరెత్తింది. లేపడానికి చిన్నవాళ్లు ఒక్కరూ లేరు. అవతలివాడు రెండు దెబ్బల్లో ముగించాడు. ఆటకు వ్యాఖ్యానం చెప్పేవాళ్లు నా పేరు పలికి, ఇంత దూరం ఎలా వచ్చిందో అని నవ్వారు. అరికాలి మంట నెత్తికెక్కింది. పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవలేదు. ఏడ్చాను. కోపంతో ఏడిస్తే మనసు తేలిక కాదు.

సాయంత్రం అక్కకు ఫోన్ చేసి అరిచాను. అక్క గొంతు తగ్గించి, "ఊకోవే. ఓడిపోయినంక ఆయన మొఖం గూడ బాగలేదు. నువ్వు లొల్లి జేస్తే నా మీదికొస్తది" అంది. ఆమె భయం ఆమెది. కానీ నా కోపాన్ని ఎక్కడ దింపుకోవాలో ఎవరూ చెప్పలేదు. బావ మీద మరదలు కోపం తెచ్చుకుంటే మా వాళ్లు దాన్ని కోపంగా లెక్కపెట్టరు, సరసం అంటారు. తిడితే నవ్వుతారు, మూతి ముడిస్తే ఇంకా నవ్వుతారు.

నెల తర్వాత అక్కాబావా మా ఇంటికి భోజనానికి వచ్చారు. నాటుకోడి కూర, జొన్నరొట్టెలు. అందరం కూర్చున్నాక బావ జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఇగో మరదలా, నీ అకౌంటు నీకే వాపస్ ఇస్తున్న. అలిగి తీస్కున్నది వాపస్ ఇచ్చిన అల్లుడు యాడన్న ఉన్నడా అత్తా?"

అమ్మ మురిసిపోయింది. "మా అల్లుడు బంగారం" అంది. ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుని ఆట తెరిచి చూశాను. చిన్న కార్డుల అరలన్నీ ఖాళీ, వాటి పక్కన ముసలమ్మ ఒక్కతే మెరుస్తోంది. కరిగించినవాటిని మళ్లీ చేసుకోవాలంటే మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఈలోపు ఆ ఆటవాళ్లు ముసలమ్మ బలం కూడా తగ్గించేశారు. ఇక దేనికీ పనికిరాదు కాబట్టే తిరిగొచ్చిందన్నమాట.

"బావకు థ్యాంక్స్ చెప్పు" అంది అమ్మ.

"చెప్ప" అన్నాను. "నా చిన్నకార్డులన్ని కరగవెట్టి, ఉత్త బొమ్మ తెచ్చిచ్చిండు. దీనికి థ్యాంక్స్ ఏంది?"

బావ నవ్వబోయాడు. నా మొహం చూసి ఆపేశాడు. అక్క తల వంచుకుంది. బాపు నన్ను కోప్పడలేదు. నిజంగానే అర్థం కాని మనిషిలా, మెల్లగా అన్నాడు.

"గట్లెందుకంటవ్ బిడ్డ? ఇంట్ల నీది నాది అని యాడున్నది? ఏదున్నా అందరిదే అనుకున్న నేను."

ఆయన మాటలో కల్లాకపటం లేదు, అదే నాకు ఇంకా కోపం తెప్పించింది.

"అందరిదే అయితే, అది పోయిననాడు నేనొక్కదాన్నే ఎందుకేడ్సిన బాపూ?"

బాపు తుంచిన రొట్టె ముక్కను మళ్లీ కంచంలో పెట్టేశాడు. ఎవరూ నవ్వలేదు.