మా అత్తగారు కాపలా కాసిన కంపైలింగ్

మొన్న సెలవులకి వచ్చిన మా మేనకోడలు, ఎమ్మెస్సీ లెక్కలు చదువుతున్న పిల్ల, భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి ఒక్క వరుస టైపు చేసి, నేను టీ పెట్టి తెచ్చేలోగా బీజగణితం చేసే పెద్ద సాఫ్ట్‌వేర్‌ని దింపుకుని వాడేసుకుంటోంది. మా రోజుల్లో దాన్ని సోర్సు నుంచి మేమే కట్టుకునేవాళ్ళం అన్నాను. రోట్లో వడ్లు దంచుకునేవాళ్ళమని చెప్పినట్టు నా వంక జాలిగా చూసింది. ఆ జాలికి నాకు కాస్త ఒళ్ళు మండిన మాట నిజమే గాని, అలా కట్టుకున్న వేసవి మొత్తం కళ్ళ ముందుకొచ్చి, కోపం ఎక్కువసేపు నిలవలేదు.

కోటబొమ్మాళిలో మా అత్తవారిది అపరాల వ్యాపారం, ముందు దుకాణం, వెనక ఇల్లు. నేను డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతూ పీహెచ్‌డీకి కుస్తీ పడుతున్న రోజులవి. గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు, ఆ వేసవిలో థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దయి ఇన్నేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే. మిగిలింది ఒకే ఒక్క ఉదాహరణ, చేత్తో కడితే ఈ జన్మకి తెమలని లెక్క. దాన్ని చెయ్యగల సాఫ్ట్‌వేరేమో లినక్సు అనే ఆపరేటింగ్ సిస్టంలో తప్ప నడవదు, ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటరేమో మా మరిది దుకాణం బిల్లుల కోసం కొన్నది. అతను ముందే చెప్పేశాడు, "వొదినా, నువ్వేటైనా సేసుకో గానీ నా లెక్కలు పోకూడదు" అని. అందుకని అతని విండోస్ జోలికి పోకుండా, దాని లోపలే వర్చువల్ మెషీన్ అనే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ని, పెద్దింట్లో చిన్న వాటా అద్దెకిచ్చినట్టు పెట్టి, అందులో లినక్సు ఎక్కించి, స్నేహితురాలు పెన్‌డ్రైవులో తెచ్చిచ్చిన సోర్సుని కంపైల్ చేయడం, అంటే మనుషులు రాసిన ప్రోగ్రాముని యంత్రం భాషలోకి మార్చుకోవడం, మొదలుపెట్టాను.

ఆ ముసలి యంత్రం మీద అది రోజుల తరబడి సాగే పని. మధ్యలో కరెంటు కోతలు, పైగా నాకు శ్రీకాకుళంలో పేపర్లు దిద్దే డ్యూటీ. పొద్దున్నే రైలెక్కిపోయే నాకు మా అత్తగారే దిక్కయ్యారు. పెళ్ళయ్యాక ఇంకా చదువేటి అని ఒకప్పుడు మూతి విరిచిన మనిషే. వర్చువల్ మెషీన్‌లో ఉన్న సుఖం ఏమిటంటే, ఎక్కడి పని అక్కడ ఆపి దాచి, తర్వాత అక్కడి నుంచే సాగించవచ్చు. ఇంగ్లీషు ముక్క రాకపోయినా ఏ బొమ్మ మీద నొక్కాలో గుర్తుపెట్టుకుని, కోత వేళకి ముందే ఆపి, కరెంటు రాగానే మళ్ళీ నడిపించేవారు. పొయ్యి మీద పాలు చూసుకున్నంత శ్రద్ధగా చూసుకునేవారు.

ఒక సాయంత్రం నేను రైలు దిగి వచ్చేసరికి ఆవిడ గుమ్మంలో ముఖం వేలాడేసుకుని కూర్చున్నారు. దుకాణంలో మినుములు జల్లించిన దుమ్ము యంత్రం మీద పడుతోందని, మా మావగారి పొందూరు పంచె తీసి, నడుస్తున్న యంత్రానికి నిండా కప్పారట. అసలే వైశాఖపు ఎండలు, ఊపిరాడక అది వేడెక్కి ఆగిపోయింది. తెరిచి చూస్తే వర్చువల్ మెషీన్ ఫైలే పాడైపోయి ఉంది, మళ్ళీ మొదటికి. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేశాను. వెనకాలే వచ్చి, "ఓలమ్మా, దుమ్ము పడిపోతాదని కప్పినానే, నీ సదువు నేనే ముంచేసినానా?" అంటూ ఆవిడా ఏడ్చారు. ఎవరు ఎవర్ని ఓదార్చామో ఇప్పుడు గుర్తు లేదు.

మర్నాటి నుంచి ఇంటి నడక మారిపోయింది. మినుములు జల్లించడం పెరట్లోకి మారింది, మరిది బిల్లులు చేత్తో రాసుకోవలసి వచ్చింది, టేబుల్ ఫ్యాను యంత్రానికి ఇచ్చేసి ఆవిడ విసనకర్రతో సరిపెట్టుకున్నారు. ఆ గదిలోకి ఎవరు అడుగు పెట్టబోయినా, "ఎవులూ ముట్టుకోకండి, కోడలి లెక్క ఉడుకుతన్నాది" అని కేక వేసేవారు. సరుకు కోసం వచ్చిన ఎస్.కోట షావుకారు కూడా ఆ కేకకి గుమ్మం దగ్గరే ఆగిపోయి, లోపల ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని మా మావగారిని మెల్లిగా అడిగాడట.

ఒక ఆదివారం మధ్యాహ్నం, గడువు ఇంక ముంచుకొచ్చేసిందనగా, ఒక్క ఎర్రరూ లేకుండా కంపైలింగ్ పూర్తయింది. వెంటనే నా ఉదాహరణ ఎక్కించాను. కాసేపటికి, నేను ఊహించింది నిజమేనని ఒక్క మాట తెర మీద పడింది. ఆవిడ నా ముఖం చూసి సంగతి గ్రహించారు గాని, "ఇంతేనా? ఈ ముక్క సెప్పడానికా ఇన్నాళ్ళు?" అనకుండా ఉండలేకపోయారు. అంటూనే సేమ్యా పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టారు.

థీసిస్ వేళకి అందింది, పట్టా వచ్చింది. చుట్టాలెవరొచ్చినా ఆవిడ "నేనూ మా కోడలూ పీయెచ్‌డీ సేసినాం" అని చెప్పుకునేవారు. ఎవరైనా నవ్వితే నాకు కోపం వచ్చేది, ఎందుకంటే అందులో అబద్ధం లేదు.

ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. పని తేలికైనందుకు సంతోషమే, ఆ కోతలూ ఆ ఉక్కా మళ్ళీ రావాలని కోరుకునేంత పిచ్చి నాకు లేదు. కాని ఆగిపోయిన పని దగ్గర మనతోపాటు దిగులుగా కూర్చునే ఇంకో మనిషి ఉండడం ఎంత ధైర్యమో, ఏదీ ఆగని ఈ రోజుల్లోనే తెలిసివస్తోంది. ఇప్పుడు నేనేం చేస్తున్నానని ఇంట్లో ఎవరూ అడగరు. అడిగేలోగానే ఏ పనైనా అయిపోతోంది మరి.