ప్రొద్దుటూరాయన

మా అమ్మా నాయనా విడిపోయిన సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. అమ్మ నన్ను తీసుకుని పులివెందులలో అవ్వ ఇంటికి వచ్చేసింది. నాయన ఏడని అడిగితే, ఊరికి పోయినాడన్నారు. అంతే.

ఆ ఇంట్లో నాయన పేరు మారిపోయింది. "ప్రొద్దుటూరాయనకు కండ్లు నెత్తికెక్కినాయి" అనేది అవ్వ. "ఆ ప్రొద్దుటూరాయన బాగుపడడు" అనేది మామ పెండ్లాం, మా అత్త. ఆ మాట వింటే అమ్మ ఏడ్చేది. ప్రొద్దుటూరాయనంటే మా నాయనేనని నాకు తెలియదు. మేము కాపురమున్న ఊరి పేరు ప్రొద్దుటూరని కూడా తెలియని వయసు. ఎవరో చెడ్డవాడు మా నాయనను తరిమేశాడనుకున్నాను. చెప్పేవాళ్లు లేకపోతే పిల్లలు ఏదో ఒకటి అనుకుంటారు కదా.

ఎండాకాలంలో జమ్మలమడుగు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. రెండు వైపులకూ చుట్టం. అవ్వ నన్ను వసారాలోకి పిలిచింది.

"మే, ప్రొద్దుటూరాయన జమ్మలమడుగుకు వస్తాండాడంట. నిన్ను చూడల్లంట. పోతావా?"

నేను స్తంభాన్ని కరుచుకుని, పోను పోనని ఏడ్చాను.

"చూసినావా అప్పా? మేం నేర్పింది కాదు. బిడ్డ నోటి మాటే."

ఆ పెద్దమనిషి తువ్వాల దులుపుకుని లేచాడు. "ఇంగ నేనేం చెప్పల్లమ్మా" అన్నాడు.

రెండేళ్ల తర్వాత, నేను అన్నం దగ్గర మారాం చేస్తుంటే అత్త నోరు జారింది. "సొంత నాయన దగ్గరికే పోనన్న మొండిఘటం ఇది. మనమొక లెక్కా?"

"నాయన ఎప్పుడు పిలిచినాడు?" అన్నాను.

ప్రొద్దుటూరాయనంటే మా నాయనేనని అప్పుడు చెప్పారు. నేను ఆయన్ని ఎవరనుకున్నానో చెబితే అత్త పొలమారేదాకా నవ్వింది. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. అవ్వ నవ్వలేదు గానీ, "ఆయప్పకు ఇంగో పెండ్లి కూడా ఆయ. ఇప్పుడేంది?" అని నా కంచంలో మజ్జిగ పోసింది. ఇంకోసారి కబురు పంపమని ఎంత బతిమాలినా ఎవరూ పంపలేదు.

పెద్దయ్యాక నేనే ప్రొద్దుటూరు పోయి ఆయన్ని కలిశాను. కొత్త మనిషిని కూర్చోబెట్టినట్టు కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు. మళ్లీ ఎందుకు రాలేదని నిష్ఠూరంగానే అడిగాను.

"స్తంభం పట్టుకొని ఏడ్చినావని చెప్పిరమ్మా. బిడ్డను ఏడిపించి చూసుకునేది ఏముందిలే అనుకుంటి."

అంతమంది పెద్దవాళ్లలో నా మాటకు విలువిచ్చింది ఆయనొక్కడే. జరిగింది చెప్పాను.

"ఎవురన్నా చెప్పింటే నడిచయినా వచ్చేవాణ్ణి" అన్నాడు.

చల్లారిన కాఫీ తాగి బస్సెక్కాను. ఆ తర్వాత పోతూ వస్తూనే ఉన్నాను గానీ, ఆయన ఎప్పుడూ కుర్చీ వేయించడం మానలేదు. అవ్వ ముసలితనంలో "నీ మేలుకే అట్ల చేసినాం" అనేది. "మీ నాయన వస్తాండాడు" అనడానికి ఆమెకు నోరు రాకపోవడంలో నా మేలేముందో నాకు నేటికీ అర్థం కాలేదు.