నది దాటిన దగ్గు

మా ఊళ్లో నదికి ఈవల స్వీడన్, ఆవల ఫిన్లాండ్. వంతెన దాటితే దేశంతో పాటు గడియారమూ మారుతుంది. మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే వియెనో పుట్టింది ఆవల, కాపురం ఈవల. జనాభా రిజిస్టర్ల నుంచి జబ్బుల లెక్కలు తీయడం ఆమె ఉద్యోగం. ఇక్కడ పుట్టిన ప్రతివాళ్లకూ ఒక నంబరు ఉంటుంది. ఆసుపత్రికి వెళ్లినా, మందులు కొన్నా ఆ నంబరు కిందే నమోదవుతుంది. వియెనోకు మాత్రం ఆ నంబర్లను కూడా మార్చి ఇస్తారు, ఎవరెవరో తెలియకుండా.

కిందటేడు శీతాకాలంలో మా ఊరి పిల్లల ఆస్తమా క్లినిక్ మూసేస్తామన్నారు. ఆసుపత్రుల, మందుల లెక్కల ప్రకారం ఇక్కడ ఆస్తమా పిల్లలు దాదాపు లేరట. మా అబ్బాయి టూరెకు మూడేళ్లు. చలిగాలి తగిలితే చాలు, వాడి ఛాతీలో ఈల మొదలవుతుంది. నేను చదివింది రసాయనశాస్త్రం, మందులెలా పనిచేస్తాయో తెలుసు. అయినా రాత్రిళ్లు వాడి ఊపిరి వింటూ కూర్చుంటాను. ఈ క్లినిక్ పోతే, వాణ్ణి మామూలుగా చూపించడానికి ఈవల మరోటి చాలా దూరం.

శనివారం మా అపార్ట్‌మెంట్ ఆవిరి స్నానాల గదిలో, అదే సౌనాలో, వియెనోను పట్టుకున్నాను.

“మావాడు ఆ లెక్కలో ఉన్నాడో లేడో ఒక్కసారి చూడవే.”

“చూడను. చూద్దామన్నా నాకు పేర్లు కనపడవు.” గరిటెతో వేడి రాళ్ల మీద నీళ్లు చల్లింది. “వాడికి ఊపిరాడకపోతే ఎక్కడికి పరిగెత్తావు?”

“ఇంకెక్కడికి? వంతెన అవతలికి. ఆసుపత్రి దగ్గర కదా.”

“మందులు?”

“అవీ అక్కడే.”

గరిటె ఆమె చేతిలోనే ఆగిపోయింది.

“నా పిల్లల్నీ అక్కడికే మోసుకెళ్లాను. ఇక్కడ పడుకుంటారు, అక్కడ దగ్గుతారు. ఆ దగ్గు మా రిజిస్టర్లోకి రాదు. ఇంత చిన్న సంగతి నా బుర్రకి తట్టలేదు చూడు!”

“మరి పిల్లలంతా బాగున్నారని రాసిందెవరు?”

“నేనే,” అంది.

సోమవారమే తన లెక్క తప్పని అధికారులకు రాసి, క్లినిక్ మూయకుండా ఏడాది గడువు అడిగింది. ఇచ్చారు. రెండు దేశాల రిజిస్టర్లూ కలపాలంటే పరిశోధనల మంచిచెడ్డలు చూసే నైతిక కమిటీ అనుమతి కావాలి. చిన్న ఊరు, పిల్లలెవరో తెలిసిపోతుందని కమిటీ కాదంది. నది పొడవునా ఉన్న ఊళ్లన్నీ కలిపి వియెనో మళ్లీ రాసింది.

“రిటైరయ్యే ముందు ఈ గొడవెందుకు?” అన్నారు ఆఫీసులో.

“రిటైరయ్యాక చెయ్యనివ్వరుగా!”

ఈసారి కమిటీ ఒప్పుకుంది. ఈ ఏడు నదిలో మంచు పగిలే రోజుల్లో కొత్త లెక్క వచ్చింది. మిగతా చోట్లలాగే మా వైపు పిల్లల్లోనూ ఆస్తమా ఉంది. క్లినిక్ నిలబడింది.

సౌనాలో మళ్లీ అడిగాను, “మావాడు ఉన్నట్టేనా?”

“ఉండే ఉంటాడు. ఎక్కడున్నాడని మాత్రం అడక్కు.”

అడగలేదు. గురువారం వాణ్ణి క్లినిక్‌కి తీసుకెళ్లాలి.