ఫైనల్ రోజు నా గేటు పాసు

మొన్న ఆదివారం మనవరాలు టీవీలో వింబుల్డన్ ఫైనల్ పెట్టగానే, ఆ పచ్చిక మీద బంతి పడిన మొదటి చప్పుడుకే నేను లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాను. తాతకు ఆటలంటే గిట్టవని దాని అభిప్రాయం. గిట్టకపోవడమా! మన వయసువాళ్ళకైతే అర్థమవుతుందని చెబుతున్నాను.

బహ్రెయిన్ వెళ్ళకముందు నేను హైదరాబాదులో ఒక క్లబ్బులో మాలీని. టెన్నిస్ కోర్టు గడ్డి కత్తిరించి, రోలరు లాగి, సున్నంతో గీతలు గీసేవాణ్ణి. ఆట లెక్క నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు, నేను చూసేది గడ్డినే. తొంభైల్లో బహ్రెయిన్‌లోని సిత్రాలో చమురు ట్యాంకులు కడిగే పనిలో చేరాక కంటికి పచ్చదనమే కరువైపోయి, ఏడాదికోసారి క్యాంపు మెస్సు టీవీలో ఆ ఫైనల్ చూడకపోతే ప్రాణం ఒప్పుకునేది కాదు. అక్కడ సెలవు శుక్రవారం, ఫైనలేమో ఆదివారం. అందుకని మాలో మాకు నడిచే పద్ధతినే పట్టుకున్నాను, ఒకరి గేటు పాసు మీద ఇంకొకరు డ్యూటీకి పోవడం. గేటు దగ్గర నంబరు చూసేవారే గానీ మొహం చూసేవారు కాదు.

ఒక ఏడు ఫైనల్ రోజు నా బదులు వెళ్ళింది నాతోపాటే అక్కడ పనిచేసే మా బావ, మా అక్క పెనిమిటి. ముందు రోజంతా ఓవర్‌టైం చేసి వచ్చిన మనిషిని అడగడమే నా తప్పు. "నీ గడ్డి నువ్వు చూస్కో బామ్మర్ది, పాసు ఇటియ్యి" అని నవ్వి, దాన్ని జేబులో పెట్టుకుని జూలై ఎండలో వ్యాను ఎక్కాడు. ట్యాంకు లోపల కుప్పకూలి, మరి లేవలేదు. ఆ వేళకి నేను మెస్సులో కూర్చుని, గీత దగ్గర గడ్డి ఎంత అరిగిపోయిందో పక్కవాళ్ళకు వివరిస్తున్నాను.

ఆట అయి లేచేసరికి ఆఫీసువాళ్ళు పాసు మీది పేరు చూసి, మా ఊరి కిరాణా కొట్టుకు ఫోను చేసేశారు, నేను పోయానని. నేను పరుగున వెళ్ళి, పోయింది నేను కాదు, బావ అని చెప్పి, మళ్ళీ ఊరికి లైను కలిసేసరికి తెల్లారింది. ఆలోపు అక్క నా కోసం గుండెలు బాదుకుని, సొమ్మసిల్లిన అమ్మను ఒళ్ళో వేసుకుని కూర్చుందట. ఫోనులో నా గొంతు వినగానే తమ్ముడు బతికే ఉన్నాడని ఆనందంతో కేక పెట్టింది. ఆ తర్వాతి మాట చెప్పవలసిందీ నేనే.

ఇప్పుడు గేట్ల దగ్గర వేలిముద్రలట, ప్రతివాడి చేతిలో ఫోనట. ఒకరి చావు ఇంకొకరి పేరు మీద ఇంటికి చేరే రోజులు పోయాయి, మంచిదే. నాకు మాత్రం ఇప్పటికీ ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే, పిలిచింది నన్నా బావనా అని కాళ్ళు ఆగిపోతాయి. ఇన్నేళ్ళలో అక్క నన్ను పల్లెత్తు మాట అనలేదు. కానీ నేను బతికి ఉన్నందుకు అక్క సంతోషించింది, ఆ ఫోనులో ఆ కాసేపే.