గోడ లెక్క టీచరు

విజయరాణి టీచరు మా ఊళ్ళో కష్టపడి సాధించిన మొదటి గెలుపు, ఏడో తరగతి పిల్లల చేత వందని వందగా లెక్కపెట్టించడం. చదివేవాళ్ళకి ఇదేమంత గొప్పగా అనిపించకపోవచ్చు. మా ఊరి సంగతి తెలిస్తే అనిపిస్తుంది.

బంగినపల్లి ఇప్పుడు టన్నుల్లో పోతోంది గానీ, చిన్న రసాలు మేం ఇప్పటికీ లెక్కనే అమ్ముతాం. ఐదు కాయలు ఒక చెయ్యి. ఇరవై చేతులు వంద. ఆ పైన ఇంకో చెయ్యి కొసరు పడాలి. కొసరు పడని వందని మా ఊళ్ళో ఎవరూ వంద అనరు. పిల్లలు మాటలు వచ్చినప్పటినించీ తల్లుల పక్కన కూచుని వింటున్న లెక్క అది. నేనూ అలాగే నేర్చుకున్నాను. నాది ఈ బళ్ళోనే, తాటాకు పాకలో, ఐదో తరగతి. ఆ చదువుతోనే ముళ్ళకంప తప్ప ఏమీ మొలవని బీడుని తోట చేశాను. రెండుసార్లు బడి కమిటీ ఛైర్మన్‌గా చేశాను. బడికి రోడ్డువైపు గోడ నా సిమెంటుతో కట్టించాను. చెప్పుకోడానికి నాకేం మొహమాటం లేదు, ఎందుకంటే గొడవంతా ఆ గోడ దగ్గరే జరిగింది.

టీచరుది ముసునూరు దగ్గర కూలి కుటుంబం. తండ్రి ఎవరి తోటకో కాపలా ఉండేవాడు. డీఎస్సీ రెండుసార్లు తప్పి, మూడోసారి కొట్టి, పోయినేడాది జూన్‌లో మా బడికి లెక్కల టీచరుగా వచ్చింది. వచ్చిన వారంలోనే నా దగ్గరికొచ్చి, "తాతగారూ, మీ గోడకి నల్లరంగు వేయించుకోనా?" అని అడిగింది. వేయించుకోమన్నాను. రోజూ సాయంత్రం ఇంటికెళ్ళేముందు ఆ గోడమీద ఒక చిన్న లెక్క రాసేది. మర్నాడు పాఠం మొదలుపెట్టకముందే పిల్లలు అది చేసి చూపించాలి. ఆమె దాన్ని వార్మప్ అనేది. ఊరు గోడ లెక్క అనేసింది.

మొట్టమొదటి గోడ లెక్క ఇది: గంపకి వంద చొప్పున నాలుగు గంపల కాయలు, అందులో పదో వంతు పాడైతే మిగిలినవి ఎన్ని? ఏడో తరగతి మొత్తం మూడు వందల డెబ్భై ఎనిమిది అని రాసింది. మూడు వందల అరవై అని ఒక్కరూ రాయలేదు. కాపీ కొట్టారనుకుని టీచరు అందరికీ ఇంటూ కొట్టింది. మర్నాడు పొద్దున్నే కాయలు కోసే దుర్గ, కూతురు దివ్యని రెక్క పట్టుకుని బడికి తీసుకొచ్చింది.

"మా పిల్లకి ఇంటూ కొట్టారంట. తప్పెక్కడుందో చూపించండి. పెళ్ళి కాకముందు నించీ కాయలు లెక్కపెడుతున్నా నేను."

"నాలుగు వందల్లో పదో వంతు నలభై కదమ్మా. అది తీసేస్తే..."

"మరి కొసరు ఎవరు పోస్తారండీ, మీరా?"

 టీచరు తండ్రి కాపలా కాసిన తోట బంగినపల్లి తోట, కాటా మీద తూచే లెక్క. ఈ వంద ఆమెకి తెలీదు. కొసరుతో నాలుగు గంపలంటే నాలుగు వందల ఇరవై కాయలని దుర్గ చేత సంగతంతా చెప్పించుకుని, అక్కడికక్కడే పిల్లలందరి ఇంటూలూ కొట్టేసి రైటు పెట్టింది. ఆ రోజునించి గోడమీద అలాంటి లెక్క వచ్చినప్పుడల్లా కింద రెండు ప్రశ్నలు ఉండేవి: కొసరు లేకుండా ఎన్ని, కొసరుతో ఎన్ని. పరీక్షలో ఏది రాయాలో, తోటలో ఏది చెప్పాలో పిల్లలకి తేడా తెలిసేసరికి దసరా సెలవలొచ్చాయి. నూటికి ఐదు అంటే ఏంటో మా పిల్లలకి ఆ కొసరుతోనే అర్థమైంది.

ఆ తర్వాత ఆమె సాధించినవి రాస్తాను, రాయకపోతే ఇక్కడ ఎవడూ రాయడు. మండలం క్విజ్‌లో మా బడి మొదటిసారి ఫస్ట్ వచ్చింది. ఎనిమిదో తరగతి నించి ముగ్గురు స్కాలర్‌షిప్పు పరీక్ష పాసయ్యారు. గంట కొట్టాక గోడ దూకి వచ్చే వెధవలు గంటకి ముందే వచ్చి గోడ ముందు నిలబడేవాళ్ళు.

మార్చిలో ఒంటిపూట బడులు పెట్టారు. బడి టైము, కోత కూలీల ఆటో టైము ఒకటైపోయాయి. ఆటో ఆగేది బడి ఎదురుగానే. ఆడవాళ్ళు ఆటో ఎక్కకుండా గోడ లెక్క దగ్గర పిల్లలతో వాదం వేసుకునేవాళ్ళు. ఒకరోజు బసవపున్నారావు బండి ఆపి చూశాడు. మా ఊళ్ళో పెద్ద తోట వాడిదే. వరసకి నన్ను బాబాయ్ అంటాడు, మర్యాదకి కాదు.

"ఏంటే, బళ్ళో చేరారా అందరూ?"

"రెండు నిమిషాలండీ. దివ్య ఒకటంటోంది, నేనొకటంటున్నా," అంది దుర్గ.

"మీకు లెక్కలెందుకే. కాయలు కోసే చిక్కం పట్టుకోవడం వస్తే చాలు."

"చిక్కంలో ఎన్ని పడ్డాయో చూసుకోవద్దాండీ మరి," అని దుర్గ అనేసరికి ఆటోలో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

ఆ నవ్వు వాడికి అరగలేదు. టీచరు పిల్లల్ని వదిలేసి రోడ్డుమీద కూలోళ్ళకి పాఠాలు చెబుతోందని, ఊరి వ్యాపారం లెక్క తప్పని ప్రచారం చేస్తోందని నూజివీడు విద్యాశాఖ ఆఫీసుకి అర్జీ పెట్టాడు. అర్జీలో ఒక్క ముక్క నిజం లేదు. అయినా వచ్చి అడిగినవాడు లేడు. పని సర్దుబాటు అని పేరు పెట్టి ఆమెని బాపులపాడు వైపు ఒక బడికి పంపించేశారు. ఆమె వెళ్ళిన మర్నాడే పున్నారావు మనిషి వచ్చి నా గోడకి సున్నం కొట్టాడు.

నేను వాడి ఇంటికే వెళ్ళాను. కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"గోడ ఎవరిదిరా?"

"బడిది బాబాయ్. సిమెంటు ఇస్తే నీదైపోద్దా?"

"టీచరేం చేసింది నిన్ను?"

"ఐదో తరగతోడివి, నీకెందుకు ఇవన్నీ? ఇంట్లో పడుకో."

"ఐదైనా నేను నా బుర్రతో పాసయ్యాను. నువ్వు పదోతరగతి ఎలా గట్టెక్కావో పరీక్షల రోజున కిటికీ కింద నిలబడ్డవాళ్ళనడిగితే చెబుతారు."

అక్కడితో మాటలు అయిపోయాయి. వాడితో నేను మళ్ళీ మాట్లాడలేదు, మాట్లాడను.

భయం ఏంటంటే, జూన్‌లోపు అర్జీ వెనక్కి తీసుకోకపోతే ఆమె అక్కడే ఉండిపోతుంది. దివ్య వాళ్ళ తరగతి ఎనిమిదిలోకి వస్తుంది, స్కాలర్‌షిప్పు పరీక్ష వాళ్ళదే, లెక్కలు చెప్పే దిక్కుండదు. ఆఫీసుకి నేను వెళితే "చూద్దాం పెద్దాయనా" అన్నారు. ఏం చూడలేదు. దుర్గ ఆఫీసుకి పోలేదు. ఏప్రిల్లో పున్నారావు రసాలు కోతకి వచ్చాక ఆటో డ్రైవరుతో ఒకటే చెప్పింది.

"ఆయన తోటకైతే మమ్మల్ని పిలవకు. టీచరమ్మ వచ్చాక పిలువు."

మిగతా ఆడవాళ్ళూ ఎక్కలేదు. వాళ్ళని నా తోటకి, ఇంకా నాలుగు తోటలకి పిలిచాం. పున్నారావు తగ్గకుండా ఉంగుటూరు నించి మనుషుల్ని దింపాడు. పాపం వాళ్ళు వరి కోతల మనుషులు, తప్పు వాళ్ళది కాదు. రసం కాయని ముచ్చికతో, అంటే తొడిమతో సహా కొయ్యాలని వాళ్ళకెవరూ చెప్పలేదు. ముచ్చిక ఊడదీసి లాగేశారు. సొన కారి, మధ్యాహ్నానికి కాయంతా నల్ల చారలు. కొనడానికి వచ్చిన కృష్ణమూర్తి గంపలో చెయ్యి పెట్టి, తీసి, చెయ్యి తుడుచుకుని లారీ ఎక్కాడు.

"ఇవి పచ్చడికి కూడా పనికిరావు పున్నారావ్ గారూ. మీ ఊరి ఆడోళ్ళు ఏమయ్యారు?"

ఆ వారంలోనే పున్నారావు నూజివీడు వెళ్ళి అర్జీ వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం పెట్టి వచ్చాడు. మనసు మారి కాదు, చెట్లమీద ఇంకా సగం కాయ ఉంది కాబట్టి. ఆ సంతకం చాలనుకుని దుర్గ వాళ్ళు మర్నాడు ఆటో ఎక్కారు, కానీ ఆ తోటలో వాళ్ళు వాడితో అవసరమైనంత వరకే మాట్లాడుతున్నారు. ఎదురుపడితే వాడు నన్ను చూసి తల తిప్పుకుంటాడు. తిప్పుకోనీ.

ఆఫీసు నించి కబురు వచ్చింది. సెలవలయ్యేదాకా టీచరు పేరు అక్కడి బడిలోనే ఉంటుందట. మా బళ్ళో ఆమె మళ్ళీ చేరేది బడులు తెరిచే రోజున, జూన్ పన్నెండు, శుక్రవారం.