ఎవరూ నాటని చెట్టు

కోలారు బంగారు గనుల దగ్గర ఊరిగాంలో మా బడి పిల్లలకు ఇంగ్లీషు మాటలు పెద్దగా రావు గానీ ‘వైల్డ్’ మాత్రం అందరికీ వచ్చు. అది వాళ్ళు నా గురించి వాడే మాట. "మిస్ ఈరోజు వైల్డ్‌గా ఉండారు, నోరు మూసుకోండ్రా" అని వరండాలో ఒకరికొకరు చెప్పుకోవడం నా చెవిన చాలాసార్లు పడింది. మా కేజీఎఫ్‌లో ఎవరికైనా కోపం వస్తే కోపం వచ్చిందని అనరు, వైల్డ్ అయిపోయినాడు అంటారు. తెలుగులో అయినా, తమిళంలో అయినా, కన్నడంలో అయినా అదే ముక్క. నాకు కోపం ఎక్కువే. దాచుకోవడానికేముంది?

ఒక ఏడాది మామిడి పూత కాలంలో ఎనిమిదో తరగతి పాఠంలో ఆ మాటే వచ్చింది. దాన్ని ఇంకా ఎక్కడెక్కడ విన్నారో రాసుకుని రమ్మన్నాను. మర్నాడు ఒకమ్మాయి సరిహద్దు దాటి వచ్చి రాగి చేలలో పడే ఏనుగుల గురించి రాసింది. ఇంకొకతి టీవీ పోటీలో సగంలో వైల్డ్ కార్డుతో వచ్చి చేరే మనిషిని రాసింది. ఒకడు వాళ్ళ తాత పేకాటలో జోకరును పట్టుకొచ్చాడు. లెక్కల పరీక్షలో తను వేసిన జవాబు వైల్డ్ గెస్ అని మరొకడు ధైర్యంగా ఒప్పుకున్నాడు. పాత కంపెనీ బంగళాల చుట్టూ పెరిగిపోయిన ముళ్ళపొదలూ వచ్చాయి. "ఇన్నిటికీ ఒకే మాటేనా మిస్?" అని అడిగితే, బోర్డు మీద పెద్దగా ‘మనిషి చెయ్యి పడనిది’ అని రాశాను. తక్కిన అర్థాలన్నీ దీనికి పుట్టినవే అన్నాను. రాసి, వెనక్కి జరిగి చూసుకుని, భేష్ అనుకున్నాను కూడా.

నాకు ఆ అర్థం మీద మోజు ఉండటానికి కారణం ఉంది. నేను గౌనిపల్లి పొలాల్లో పెరిగినదాన్ని. చిత్తూరు వైపు నుంచి గనికి వచ్చిన వాళ్ళింటి కోడలినై ఈ లైను ఇళ్ళలో పడ్డాను. ఒక ఇంట్లో తుమ్మితే నాలుగో ఇంట్లో వినపడుతుంది. ఇన్నేళ్ళయినా ఒకచోట కాలు నిలవదు. సెలవు రోజు వస్తే కాలు కాలిన పిల్లిలా ముందు గదికీ వెనక గదికీ తిరుగుతూ ఉంటాను. మా ఆయన చూసీ చూసీ, "ఎక్కడికైనా పోయిరా తల్లీ" అని చేతులు జోడిస్తారు.

ఆ పాఠం చెప్పిన వారంలోనే గౌనిపల్లి నుంచి మరదలు ఫోన్ చేసింది. మరదలంటే మా తమ్ముడి భార్య.

"వదినా, పురుగులు నాలుగో జొరం లేసినాయి. సొప్పు తక్కువ పడేట్టుండాది. నాకు చేతులు చాలడం లేదు. రెండు దినాలు వస్తావా?"

జొరం అంటే రోగం కాదు. పట్టుపురుగులు కుబుసం విడిచే ముందు తిండి మానేసి మత్తుగా పడుకుంటాయి, దాన్నే మావాళ్ళు జొరం అంటారు. నాలుగోది లేచాక ఇక గూడు కట్టేదాకా వాటి ఆకలికి అంతుండదు. సొప్పంటే మల్బరీ ఆకు.

ఆమె గొంతులో వేరే భయం ఉంది, అది నాకు తెలుసు. అంతకు ముందు రెండు పట్టు పంటలు పోయాయి. ఈ పంట కూడా పోతే జేసీబీ పిలిపించి మల్బరీ తోట పెరికించి మామిడి పెడతానని తమ్ముడు నలుగురిలో అనేశాడు. ఆ తోట ఆమె కాపురానికి వచ్చిన ఏడాది తన చేతులతో ఒక్కొక్క పుల్ల గుచ్చి పెంచింది. ఇల్లు మా నాన్నది, ఆవులు తమ్ముడివి, బోరు అందరిదీ. ఆమెది అని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ఆ తోట ఒక్కటే.

మర్నాడే బయలుదేరాను. ముళబాగిల్లో బస్సు మారి, లారీల పొగ మింగి, చీకటి పడేలోగా చేరాను. మరదలు నన్ను చూసి ఎంత సంబరపడిందో! పురుగుల షెడ్డు బయట కాళ్ళు కడిగించి, తలలో మల్లెపూలు తీసేయించి లోపలికి తీసుకెళ్ళింది. కుడి పక్క ఒక వరస, ఎడమ పక్క ఒక వరస స్టాండ్లు. వాటి నిండా తెల్లగా, నున్నగా, చిటికెన వేలంత పురుగులు. చూస్తే కడుపు నిండింది.

పొద్దున్నే ఆమె తోటలో ఆకు కోస్తూ ఉంటే నేను వంక గట్టు పట్టుకుని నడిచాను. పొలం దాటగానే, పక్కవాళ్ళ మామిడి తోటకూ వంకకూ నడుమ ఒక మల్బరీ చెట్టు కనపడింది. ఎప్పుడు పడిన పుల్లో, ఎవరూ కత్తిరించక ఇంటెత్తు పెరిగి ఉంది. ఆకు అరచెయ్యంత వెడల్పు. నాకు పట్టరాని ఆనందం కలిగింది. బోర్డు మీద నేను రాసిన మాట కళ్ళెదుట నిలబడ్డట్టు అనిపించింది. ఎవరూ నాటలేదు, ఎరువు వెయ్యలేదు, మందు కొట్టలేదు. ఇంతకంటే శుభ్రమైన ఆకు ఎక్కడ దొరుకుతుంది? కొడవలి తెచ్చుకుని రెండు పెద్ద మోపులు కోసి, ఒకదాని తర్వాత ఒకటి నెత్తిన పెట్టుకుని తెచ్చాను.

"యాడిది వదినా ఇంత సొప్పు?"

"వంక గట్టుది. ఎవురూ నాటింది కాదు, ఎవురూ మందు కొట్టింది కాదు. కుడి పక్కంతా ఏసేయి."

మరదలు ఒక ఆకు తుంచి వాసన చూసింది. "పది పురుగులకు ఏసి మద్యాన్నం దాకా చూద్దాం వదినా. బయట సొప్పు కదా."

బయటి ఆకు ఏది తెచ్చినా మా వైపు అదే పద్ధతి. పది పురుగుల్ని వేరే తట్టలో వేసి మేపి, అవి బాగుంటేనే తక్కినవాటికి వేస్తారు. నాకు తెలియక కాదు. కానీ రెండు మోపులు మోసిన మెడ నొప్పి, పైగా ఇరవై ఏళ్ళుగా నేను చెప్పింది నలభై మంది పిల్లలు రాసుకోవడమే తప్ప ఎదురు అడగని అలవాటు. ఒక్కసారిగా మండిపోయింది.

"బయట సొప్పా? అంటే నేను బయటదాన్నా? నువ్వీ ఇంటికి రాకముందే నేను పురుగులు మేపినదాన్ని. నాకు నేర్పిస్తావా ఇంగ?"

మరదలు ఆకలితో తలలెత్తిన పురుగుల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. ఆడబిడ్డ తెచ్చినదాన్ని పరీక్ష పెట్టడమంటే మా ఇళ్ళలో చిన్న విషయం కాదు. ఆ సంగతి నాకూ తెలుసు, అందుకే ‘బయటదాన్నా’ అన్నాను.

"అట్లే కానీలే వదినా" అంది. కుడి వరసంతా నా ఆకు వేసింది. నేనూ చెయ్యి వేశాను. ఎడమ వరసకు వచ్చేసరికి నా మోపులు అయిపోయాయి. అక్కడ తోట ఆకే వేసింది.

మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చాను. షెడ్డులోంచి "వదినా" అన్న పిలుపు ఒక్కటే వినపడింది. వెళ్ళి చూద్దును కదా, కుడి వరసలో పురుగులన్నీ తలలెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. నోళ్ళలోంచి ఆకుపచ్చ రసం కారుతోంది. కొన్ని అప్పుడే ముడుచుకుని సగమయ్యాయి. మరదలు రెండు చేతులతో కొమ్మలు లాగి బయట పారేస్తోంది.

"ఎండ దెబ్బేమో" అన్నాను. సిగ్గులేని మాట.

నేనే పరుగెత్తి మామిడి తోట ఆసామిని అడిగాను. "మొన్న తేనెమంచు పురుక్కి మందు కొట్టినాము కదమ్మా. గాలి వంక పక్కకే కొట్టింది" అన్నాడు. మా మల్బరీ తోటలో మరదలు ఆకు కోసేది అవతలి చివర, అక్కడికి ఆ గాలి చేరలేదు. వంక గట్టు చెట్టుకు చేరింది. మనిషి చెయ్యి పడనిదట! ఆ బోర్డు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

సాయంత్రం తమ్ముడు శ్రీనివాసపురం నుంచి వచ్చాడు. షెడ్డు ముందు పారేసిన పురుగుల గుట్టా, దాని పక్కన వెడల్పాటి వంక గట్టు ఆకూ చూసి పెళ్ళాం మీద పడ్డాడు.

"కండ్లు యాడ పెట్టుకున్యావు? బయట సొప్పు ఏసేటప్పుడు చూసుకోవాలని తెలీదా? అయిపాయ. రేపే జేసీబీ వాడికి చెప్తా."

మరదలు తల వంచుకుని నిలబడింది. నా పేరు ఎత్తలేదు. నేను వెంటనే నోరు విప్పలేదు, ఒప్పుకుంటున్నాను. ఆమె చెప్పేస్తే బాగుండుననీ, చెప్పకుంటే బాగుండుననీ రెండూ అనిపించాయి.

"తెచ్చింది నేనురా" అన్నాను చివరికి. "పది పురుగులకేసి చూద్దామనింది ఆయమ్మ. వద్దని అరిచింది నేను."

తమ్ముడి ముఖం చప్పున మెత్తబడింది. "పోనీలే అక్కా. నీకేం తెలుసు పాపం. కూర్చో, కాఫీ పెట్టిస్తా."

అంతే. నేను చేసిందానికి కాఫీ. ఆమె చెయ్యనిదానికి జేసీబీ. నాకు ఒళ్ళు మండిపోయింది, ఈసారి మండవలసిన చోటే మండింది.

"నాకెందుకురా కాఫీ? ఇంతసేపూ ఎవుర్ని అన్నావో ఆయమ్మకు చెప్పు ఆ పోనీలే!"

వాడు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నేల చూశాడు. మొగుడనేవాడికి ఆ మూడక్షరాలు ఎంత బరువో!

అప్పుడు మరదలు తలెత్తింది. "తోట పెరికేది లేదు. ఎడమ పక్క పురుగులు బతికే ఉండాయి. అవి గూడు కట్టేదాకా ఎవురూ నాకేమీ చెప్పొద్దండి" అంది. ఎవరూ అన్న మాటలో ఇద్దరమూ ఉన్నాం.

తోట ఈనాటికీ ఉంది, ముందే చెప్పేస్తున్నాను. ఎడమ వరస గూళ్ళు కట్టింది. ఆ తర్వాత తమ్ముడు జేసీబీ ఊసెత్తలేదు.

ఆమె కొడవలి తీసుకుని తోటలోకి పోయి మోపు కోసుకొచ్చింది. షెడ్డు గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కుంది. వెనకాలే నేనూ చెంబు అందుకోబోయాను.

"నువ్వు రావద్దు వదినా. బయటే ఉండు."

గొంతు పెంచలేదు. నా వైపు తిరగనైనా తిరగలేదు. తలుపు మూసుకుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె నాకు ఏదీ వద్దని చెప్పిన మనిషి కాదు. ఆ వద్దన్న మాట పొద్దున చెప్పి ఉంటే కుడి వరస బతికేది. చెప్పబోయింది కూడా, చెప్పనివ్వనిది నేను.